తుపాకిగుండు – భూమ్యాకర్షణ

చేతిలోని మామిడిపండు జారినచో నేలపై బడును. తుపాకినుండి వెడలిన గుండు మాత్రము గీత గీచినట్లు తిన్నగా దూసికొనిపోవునని చాలమంది తలంపు. వేగముగా పోవు వస్తువును భూమి లాగజాలదనియు, ఆ వేగము తగ్గిన పిదపనే అది క్రిందికి వంగుననియు అనుకొనుట కలదు. ఈ అభిప్రాయము నేటిది కాదు. ఐరోపాలోని పండితులు సయితము పదునారవ శతాబ్దమునందు ఇట్లే భావించిరి. ఆనాటి గ్రంథములలోని కొన్ని చిత్రములయందు ఫిరంగిగుండు ఏటవాలుగా, తిన్నగా పైకి పోయి, అచ్చట అలసినదానివలె నిలువునా క్రిందికి కూలుచున్నట్లు చూపబడినది.

నిజము వేరు. గుండు గొట్టపు మూతిని విడిచిన మరుక్షణముననే క్రిందికి పడనారంభించును. మామిడిపండు ఎంత త్వరగా పడునో, గుండును అంత త్వరగానే పడును. తేడా యొక్కటే. పండు మన కాళ్లవద్ద పడును. గుండు పడుచునే వందల మీటర్లు ముందుకు సాగును. ఎంత దూరమునకు ఎంత దిగునో లెక్కకట్టుట కష్టమైన పని కాదు. హెచ్చవేతయు భాగహారమును వచ్చిన వారెవరైనను కాగితము, పెన్సిలు దగ్గర నుంచుకొని మాతో కూడ ఈ లెక్కను వేయవచ్చును.

ఈ లెక్కతో ఇంట కూర్చుండి రేడియో వినువారికి పని యేమి? సైనికులకును పోలీసులకును గదా ఇది కావలసినది? అట్లు కాదు. కళాశాలలో ఎన్.సి.సి.లో చేరిన పిల్లలు మీ యింటనో ప్రక్క యింటనో ఉందురు. వారు కాల్పుల అభ్యాసమునకు పోయి వచ్చి, గురి తప్పిన కథలు చెప్పుదురు. అడవి అంచున సేద్యము చేయువారి సంగతి మరియొకటి. పలమనేరు, కుప్పము ప్రాంతములందు ఏనుగుల బాధ, తక్కినచోట్ల అడవిపందుల బాధ అందరెరిగినదే. చీకటిలో చేనివైపు తుపాకి పేల్చి, మృగము పారిపోయినదని సంతోషించువారు ఉండవచ్చును. ఉత్సాహము పట్టజాలక పెండ్లి ఊరేగింపులో ఆకాశమునకు తుపాకి పేల్చు వార్తలు దేశమున అప్పుడప్పుడు వినవచ్చుచున్నవి. పందికి తగులని ఆ గుండు ఏమైనది? ఆకాశమునకు పోయిన ఆ గుండు ఏమైనది? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము మన లెక్కలోనే యున్నది. అందుచేత దీనిని అందరును తెలిసికొనదగును.

ముందుగా పడుట యనగా నేమో చూతము. విడిచిపెట్టిన వస్తువును భూమి తనవైపునకు లాగును. ఆ లాగుడువలన ప్రతి సెకనుకును దాని వేగము సెకనుకు 9.8 మీటర్ల చొప్పున పెరుగును. భూమధ్యరేఖకు చేరువగా నున్న తిరుపతియందు ఈ సంఖ్య సుమారు 9.78, ధ్రువములవద్ద 9.83. మన లెక్కకు 9.8 చాలును. సున్న వేగముతో మొదలై ఒక సెకను ముగియునప్పటికి 9.8 వేగమందుకొనును గనుక, ఆ సెకనులో దాని సగటు వేగము అందులో సగము, అనగా 4.9. కావున మొదటి సెకనులో వస్తువు 4.9 మీటర్లు పడును. రెండు సెకనులలో రెండింతలు కాదు, నాలుగింతలు పడును. మూడు సెకనులలో తొమ్మిదింతలు. సూత్రము ఇంతే: పట్టిన కాలమును అదే కాలముతో హెచ్చించి, వచ్చినదానిని 4.9తో హెచ్చించినచో పడిన దూరము మీటర్లలో వచ్చును. శేషాచలపు అడవులలోని తలకోన జలపాతము ఎత్తు సుమారు 82 మీటర్లు, అనగా 270 అడుగులు. పైనుండి జారిన నీటిబొట్టు రాతికి తగులక, గాలి అడ్డులేక పడినచో నాలుగు సెకనులకు కొంచెము మించిన కాలములో మడుగును చేరును. నాలుగును నాలుగుతో హెచ్చించిన పదునారు, దానిని 4.9తో హెచ్చించిన 78.4. మిగిలిన మూడున్నర మీటర్లకు సెకనులో పదవవంతు చాలును.

ఇక రెండవ విషయము. ముందుకు సాగు చలనము, క్రిందికి పడు చలనము ఒకదానికొకటి అడ్డురావు. ఈ సత్యమును ఇటలీ దేశస్థుడైన గెలీలియో 1638లో ప్రకటించిన గ్రంథమున నిరూపించెను. మనమందరమును దీనిని అనుభవమున ఎరుగుదుము. రేణిగుంటనుండి బయలుదేరిన రైలుబండి సమవేగముతో పోవుచుండగా, పెట్టెలో నిలుచున్నవాని చేతినుండి రూపాయి బిళ్ల జారినచో అది వెనుకనున్నవారి ఒడిలో పడదు. అతని కాళ్లవద్దనే పడును. బండి వేగము బిళ్లకును ఉన్నది. ముందుకు పోవుట ముందుకు పోవుటయే, పడుట పడుటయే. బండి నిలిచియున్నప్పుడు ఎంత కాలములో పడునో, పరుగెత్తునప్పుడును అంత కాలములోనే పడును.

తుపాకిగుండు విషయమును ఇట్టిదే. నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తున తుపాకిని సమమట్టముగా పట్టి పేల్చితిమనుకొందము. అదే క్షణమున అదే ఎత్తునుండి ఒక మామిడిపండును విడిచితిమనుకొందము. చదునైన నేలపై, గాలి అడ్డు లేనియెడల రెండును ఒకేసారి నేలను తాకును. ఎంత కాలమునకు? సెకనులో సగమునకు కొంచెము పైన, 0.55 సెకను. చాలకాలము మన పోలీసుల భుజములపై కనబడిన .303 తుపాకి గుండు మూతినుండి సెకనుకు సుమారు 744 మీటర్ల వేగముతో వెడలును. 0.55 సెకనులో అది నాలుగువందల మీటర్లకు పైగా పోవును. పండు కాళ్లవద్ద, గుండు ఊరి పొలిమేర దగ్గర, కాలము మాత్రమొక్కటే.

ఈ సంగతి మామిడితోపులలో ఆడుకొను పిల్లలకు వేరొకవిధముగా చెప్పవచ్చును. చెట్టు కొమ్మకు వ్రేలాడు కాయకు సరిగా గురిపెట్టి ఒకడు వడిసెలతో రాయి విసరెను. రాయి వడిసెలను విడిచిన క్షణముననే కాయ తొడిమ తెగి క్రిందికి పడనారంభించినదనుకొందము. రాయి కాయను తప్పునా, తాకునా? తప్పుననియే చాలమంది చెప్పుదురు. నిజమునకు తాకును. గురి పెట్టిన తిన్నని గీతనుండి రాయి ఎంత దిగుచున్నదో, కొమ్మనుండి కాయయు అంతే దిగుచున్నది. రెండింటికిని భూమ్యాకర్షణ యొక్కటియే. కాయ నేలను తాకకముందే రాయి అచ్చటికి చేరినచో చాలును. ఇక కాయ తెగక కొమ్మనే పట్టుకొనియున్నచో రాయి దాని క్రిందుగా పోవును. మంచెమీద నిలిచి పిట్టలను తోలు కాపరికి ఈ శాస్త్రము పేరు తెలియకపోవచ్చును గాని, గురికి కొంచెము పైగా విసరవలెనని అతని చేతికి తెలియును.

ఇప్పుడు అసలు లెక్కకు వత్తము. గుండు ఎంత దూరమున ఎంత దిగునో తెలియవలెనన్న రెండు మెట్లు. మొదట దూరమును వేగముతో భాగించి కాలమును తెలిసికొనవలెను. తరువాత ఆ కాలమును అదే కాలముతో హెచ్చించి 4.9తో హెచ్చింపవలెను. గాలిని తాత్కాలికముగా మరచిపోదము. .303 గుండు 100 మీటర్లు పోవుటకు 0.134 సెకను పట్టును; ఆలోపల సుమారు 9 సెంటీమీటర్లు దిగును. 200 మీటర్లకు 35 సెంటీమీటర్లు. 300 మీటర్లకు సుమారు 80 సెంటీమీటర్లు. 400 మీటర్లకు ఒక మీటరు 42 సెంటీమీటర్లు. 600 మీటర్లకు మూడు మీటర్లకు పైన. దూరము రెట్టింపైనచో దిగుడు నాలుగింతలగుచున్నది గమనింపుడు. గుండు దారి తిన్నని గీత కాక, రానురాను మరింతగా వంగు గీత యగుటకు కారణమిదియే. ఇట్టి వంపును గణితమున పరవలయ మందురు.

ఎన్.సి.సి. పిల్లలు కాల్పులు నేర్చుకొను .22 తుపాకి గుండు నెమ్మదిగా పోవును; సెకనుకు ఇంచుమించు 330 మీటర్లు. 25 మీటర్ల దూరమున నిలిపిన గురిపలకను చేరునప్పటికి అది మూడు సెంటీమీటర్లకు కొంచెము తక్కువగా దిగును. 50 మీటర్లకు 11 సెంటీమీటర్లు, 100 మీటర్లకు 45 సెంటీమీటర్లు. ఇదే 100 మీటర్లకు .303 గుండు దిగినది 9 సెంటీమీటర్లే గదా! వేగము సగమునకు తక్కువైనందున దిగుడు అయిదింతలైనది. రెండు గుండ్లను భూమి ఒకేవిధముగా లాగుచున్నది. భూమికి పక్షపాతము లేదు. నెమ్మదిగా పోవుదానికి పడుటకు ఎక్కువ కాలము దొరకుచున్నది, అంతే భేదము. గుండు బరువునుబట్టి పడు వేగము మారునని కొందరి భ్రమ. బరువైనదానిని భూమి ఎక్కువగా లాగును. కాని బరువైనదానిని కదల్చుటయు అంతే కష్టము. రెండును సరికి సరి.

ఇంత దిగుచున్నప్పుడు కాల్పరికి గురి యెట్లు కుదురును? తుపాకి చేయువాడే ఈ లెక్క వేసి పెట్టును. తుపాకి వెనుకభాగమున గురి చూచు గంటు ఒకటి, మూతివద్ద చిన్న మొన ఒకటి ఉండును. వెనుకనున్న గంటును కొంచెము పైకి జరిపినచో, కాల్పరి గంటును మొనను గురిని ఒకే వరుసలో పెట్టినప్పుడు గొట్టము తనకు తెలియకయే కొంచెము పైకి లేచియుండును. .303 తుపాకిని 300 మీటర్లకు అమర్చవలెనన్న, గొట్టము చూపు గీతకంటె ఒక డిగ్రీలో ఆరవవంతుకు తక్కువగా పైకెత్తవలెను. కంటికి తెలియనంత స్వల్పము. ఆ స్వల్పమే 300 మీటర్ల దూరమున 80 సెంటీమీటర్ల ఎత్తగును. భూమి లాగిన 80 సెంటీమీటర్లు దానికి చెల్లు. గుండు మొదట చూపుగీతకు పైగా లేచి, 150 మీటర్లవద్ద దానికి 20 సెంటీమీటర్లు పైన నుండి, మరల దిగి 300 మీటర్లవద్ద గురిని చేరును. గుండు తనంతట తాను పైకి లేచునని కొందరు కాల్పరులు చెప్పుమాటకు మూలమిదియే. గుండు లేవలేదు; గొట్టమే లేచియున్నది.

కొండలున్న సీమలో మరియొక చిక్కు కలదు. చంద్రగిరి దుర్గము వంటి చోట కొండమీదినుండి క్రిందికి కాల్చినను, క్రిందినుండి పైకి కాల్చినను, గుండు గురికి పైగానే తగులును. ఇది వింతగా తోచును. పైకి కాల్చునప్పుడు పైగా తగిలిన క్రిందికి కాల్చునప్పుడు క్రిందుగా తగులవలదా? వలదు. భూమి లాగుట ఎల్లప్పుడు నిలువునా క్రిందికే. సమమట్టముగా కాల్చునప్పుడు ఆ లాగుడంతయు గుండు దారికి అడ్డముగా నుండును. ఏటవాలుగా కాల్చునప్పుడు అందులో కొంతభాగము దారివెంబడి పోయి, గుండును కొంచెము ఆపుటకో కొంచెము తొందరపెట్టుటకో మాత్రమే పనికివచ్చును. అడ్డముగా లాగు భాగము తగ్గును. 30 డిగ్రీల వాలున 300 మీటర్ల దూరమునకు 80 సెంటీమీటర్లకు బదులు 69 లేక 70 మాత్రమే దిగును. తుపాకి 80కి అమర్చబడియున్నది గనుక గుండు పది పదకొండు సెంటీమీటర్లు పైగా పోవును. కొండలలో కాల్చువారు కంటికి కనబడు వాలు దూరమును కాక, నేలమట్టపు దూరమును లెక్కకు తీసికొనవలెనను నియమము ఇందువలననే పుట్టినది.

ఇంతవరకు గాలిని మరచితిమి. అట్లు మరచినచో ఏమి ప్రమాదము వాటిల్లునో ఇప్పుడు చూపుదుము. వస్తువును ఎక్కువ దూరము విసరవలెనన్న 45 డిగ్రీల వాలున విసరవలెనని ఇటలీ గణితజ్ఞుడు టార్టాలియా 1537లోనే వ్రాసెను. అప్పుడు పోవు దూరము ఎంత? వేగమును అదే వేగముతో హెచ్చించి 9.8తో భాగింపవలెను. సెకనుకు 30 మీటర్ల వేగముతో వడిసెల విడిచిన రాయి 92 మీటర్లు పోవును. నిజముగాను అది దానికి కొంచెము తక్కువగా అంతే పోవును. ఇదే లెక్కను .303 గుండుకు వేయుదము. 744ను 744తో హెచ్చించి 9.8తో భాగించినచో 56 వేల మీటర్లు వచ్చును. అనగా 56 కిలోమీటర్లు! చిత్తూరునుండి తిరుపతికి పక్షి ఎగిరిపోవు దారిన దూరము ఇంచుమించు అంతే. చిత్తూరులో పేల్చిన గుండు 14 కిలోమీటర్ల ఎత్తునకు లేచి, దాదాపు రెండు నిమిషములలో తిరుపతి పొలిమేరలో పడవలెను. లెక్క తప్పు లేదు. కాని అట్లు ఎన్నడును జరుగలేదు, జరుగబోదు. నిజముగా ఆ గుండు పోగల దూరము మూడు కిలోమీటర్లకు పైచిలుకు మాత్రమే. మిగిలినదంతయు గాలి మ్రింగివేయుచున్నది.

మనము చేయి ఊపినప్పుడు ఉన్నట్లే తెలియని గాలి ఇంత పని చేయునా యని సందేహము కలుగవచ్చును. ఈ సందేహమును తీర్చినవాడు బెంజమిన్ రాబిన్స్ అను ఆంగ్ల గణితశాస్త్రజ్ఞుడు. 1742లో ఆయన ప్రకటించిన గ్రంథముతో తుపాకిశాస్త్రము నిజమైన శాస్త్రమైనదని చెప్పుదురు. గొప్ప గణితవేత్తయైన ఆయిలర్ దానిని 1745లో జర్మను భాషలోనికి తెచ్చి తన వ్యాఖ్యను చేర్చెను. ఈ రాబిన్స్ మన ప్రాంతమునకు పూర్తిగా పరాయివాడు కాడు. ఈస్టిండియా కంపెనీ తన కోటల మరమ్మతుకై ఆయనను ఇంజనీరుగా నియమించి పంపగా, 1750లో భారతదేశమునకు వచ్చి, 1751 జూలై 29న కడలూరు సమీపమునందలి సెంట్ డేవిడ్ కోటలో మరణించెను. చిత్తూరునుండి కడలూరు రెండువందల కిలోమీటర్ల లోపలి దూరమే.

రాబిన్స్ చేసిన పని యేమి? గుండు వేగమును కొలుచుట. అది కన్ను మూసి తెరచునంతలో మాయమగు వస్తువు. ఆ కాలమున అంత సన్నని కాలమును కొలుచు గడియారము లేదు. ఆయన ఒక బరువైన కొయ్యదిమ్మెను ఉయ్యాలవలె వ్రేలాడగట్టి దానిలోనికి గుండును పేల్చెను. గుండు దిమ్మెలో దిగబడి ఆగిపోవును. గుండుకున్న ఊపును దిమ్మె పంచుకొని ఉయ్యాల ఊగును. ఉదాహరణకు గుండు బరువు 11 గ్రాములు, గుండుతో కూడిన దిమ్మె బరువు 11 కిలోగ్రాములు అనుకొందము. బరువు వేయింతలైనందున వేగము వేయవవంతగును. 744 మీటర్ల వేగము ముప్పాతిక మీటరుకు తగ్గును. ఆ వేగముతో కదలిన దిమ్మెను భూమ్యాకర్షణ సుమారు 2.8 సెంటీమీటర్ల ఎత్తువరకు ఎగయనిచ్చి ఆపివేయును. ఆ ఎత్తును కొలబద్దతో కొలిచి వెనుకకు లెక్క వేసినచో గుండు వేగము బయటపడును. గుండును క్రిందికి లాగు భూమ్యాకర్షణయే గుండు వేగమునకు సాక్ష్యము చెప్పినది.

ఇట్లు తుపాకిని దిమ్మెకు దగ్గరగాను దూరముగాను పెట్టి కొలువగా, నడుమ గాలివలన ఎంత వేగము పోయినదో తెలిసెను. అంతకుముందు వారనుకొన్నదానికంటె గాలి నిరోధము ఎన్నో రెట్లు ఎక్కువగా నుండెను. ధ్వని వేగమును మించి పోవునప్పుడు ఆ నిరోధము మరింత ప్రబలునని కూడ రాబిన్స్ గుర్తించెను. .303 గుండు విషయమున, మూతిని విడిచిన తొలిక్షణమున గాలి దానిని వెనుకకు నెట్టు బలము భూమి దానిని లాగు బలమునకు నలుబది యేబది రెట్లుండును. అయినను గురి విషయమున భూమినే ముందుగా లెక్కించుటకు కారణము కలదు. గాలి గుండును దాని దారివెంబడియే ఆపును; ప్రక్కకు గాని క్రిందికి గాని త్రోయదు. క్రిందికి లాగునది భూమి యొక్కటియే. కాని గాలివలన గుండు నెమ్మదించును. నెమ్మదించిన గుండు పడుటకు ఎక్కువ కాలము చిక్కును. కావున మనము పైన వేసిన దిగుడు లెక్కలు నూరు మీటర్ల దగ్గర ఇంచుమించు సరిపోవును; దూరము పెరిగినకొలది నిజమైన దిగుడు మన లెక్కను మించిపోవుచుండును. గాలిలో ఎక్కువ దూరము పోవుటకు తగిన వాలు సయితము 45 డిగ్రీలు కాదు. 30, 35 డిగ్రీల నడుమ నుండును.

ప్రక్కగాలి వీచినచో గుండు ప్రక్కకును తొలగును. పైగా గాలి అన్ని ఎత్తులయందును ఒకే దిక్కున వీచదు. ఈ సంగతి మన ప్రాంతముననే అనుదినము కొలువబడుచున్నది. తిరుపతి చిత్తూరు దారిలో గాదంకి వద్దనున్న జాతీయ వాయుమండల పరిశోధనశాలలో పెద్ద రాడారు ఆకాశమువైపు చూచుచు, వేరువేరు ఎత్తులలోని గాలుల దిక్కును వేగమును కొలుచుచున్నది. అచ్చటి పని తుపాకులకై కాదు, వాయుమండలమును ఎరుగుటకు. అయినను ఆకాశము ఖాళీ కాదను సత్యమును అది నిత్యము చాటుచున్నది.

ఇక మొదట విడిచిన ప్రశ్నలకు వత్తము. ఆకాశమునకు నిలువునా పేల్చిన గుండు ఏమగును? గాలి లేనిచో 28 కిలోమీటర్లు లేచి, వెడలిన వేగముతోనే తిరిగివచ్చి పేల్చినవానినే కూల్చును. గాలి యున్నందున మూడు కిలోమీటర్లకు మించకుండ లేచి, తిరిగి పడనారంభించును. పడునప్పుడు వేగము పెరిగినకొలది గాలి నిరోధమును పెరిగి, ఒకచోట అది గుండు బరువునకు సమానమగును. అటుపై వేగము పెరుగదు. అమెరికా సైనికాధికారి జూలియన్ హాచర్ మొదటి ప్రపంచయుద్ధము తరువాత వందలకొలది గుండ్లను నీటిమధ్యనున్న వేదికనుండి పైకి పేల్చి పరీక్షించెను. వాని తిరుగు వేగము సెకనుకు సుమారు 300 అడుగులు, అనగా 90 మీటర్లని తేల్చెను. వేదికకు తగిలినవి వ్రేళ్లపై లెక్కింపదగినన్నియే. తక్కినవి గాలికి కొట్టుకొని ఎక్కడెక్కడనో పడినవి. పేల్చినవానికే గుండు ఎక్కడ పడునో తెలియదన్నమాట. గంటకు 330 కిలోమీటర్ల వేగముతో పడు సీసపుగుండు నడినెత్తిన తగిలినచో ప్రాణము దక్కుట కష్టము. గుండును నిలువునా కాక ఏటవాలుగా పేల్చినచో అది మొన ముందుగానే పోవుచు ఇంకను ఎక్కువ వేగముతో పడును. అపాయము మరింత హెచ్చు. ఉత్సవములలో ఇట్లు ఇతరుల ప్రాణములకు అపాయము కలుగునట్లు తుపాకి పేల్చువారికి 2019లో సవరింపబడిన ఆయుధముల చట్టము ప్రకారము రెండేండ్ల వరకు ఖైదుగాని, లక్ష రూపాయల వరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును.

చేనిలో పందివైపు పేల్చిన గుండు సంగతియు తేలినట్లే. సమమట్టముగా పేల్చినచో అది నేల చేరకమునుపే వందల మీటర్లు దాటును. తుపాకి మూతి రెండు మూడు డిగ్రీలు పైకి లేచియున్నను చాలు, చేను, బాట, ప్రక్క ఊరు దాటి కిలోమీటరుకు పైగా పోగలదు. చిన్నదని ఆటవస్తువువలె చూడబడు .22 తుపాకి గుండు సయితము తగిన వాలున కిలోమీటరున్నర దూరము పోవును. చీకటి మన కంటిని ఆపును గాని గుండును ఆపదు. కాల్పుల అభ్యాసమునకు గురిపలకల వెనుక ఎత్తైన మట్టికట్టను పోయించుటయు, కొండ అడ్డుగా నున్న స్థలమును కోరుటయు ఇందుచేతనే. గురి వెనుక ఏమున్నదో తెలియనివాడు తుపాకి ముట్టరాదను నియమమునకు పునాది ఈ లెక్కయే.

గుండుకు బలము మూతివద్దనే ముగియును. ఆపై దానికి సొంతశక్తి లేదు. దారిపొడవునను తన్ను తాను నెట్టుకొనిపోవు వస్తువు వేరొకటి కలదు, అది రాకెట్టు. 1780 సెప్టెంబరు 10న కంచి సమీపమున పొల్లిలూరు యుద్ధమునందు మైసూరు సైన్యము ఇనుపగొట్టపు రాకెట్లను ప్రయోగించి కంపెనీ సేనను చిందరవందర చేసెను. ఆ సైన్యమునకు ప్రభువైన హైదరాలీ 1782 డిసెంబరు 7న చిత్తూరు సమీపముననే నరసింగరాయనిపేట శిబిరమున కన్నుమూసెను. ఆ రాకెట్ల నమూనాలను చూచిన పిదప ఇంగ్లండులో కాంగ్రీవ్ తన రాకెట్లను రూపొందించెను.

రాకెట్టుకును భూమ్యాకర్షణ తప్పదు. కాని దాని సాయముతో గుండుకు సాధ్యముగాని వేగమును పొందవచ్చును. ఇచ్చట న్యూటను చెప్పిన ఊహ మనోహరమైనది. చాల ఎత్తైన కొండపైనుండి సమమట్టముగా ఫిరంగి పేల్చుదము. గుండు మొదటి సెకనులో 4.9 మీటర్లు దిగును. వేగము పెంచినకొలది దూరముగా పడును. భూమి గుండ్రనిది గనుక దాని ఉపరితలము 7.9 కిలోమీటర్ల దూరమునకు 4.9 మీటర్లు వంగుచున్నది. కావున గుండు సెకనుకు 7.9 కిలోమీటర్ల వేగముతో పోయినచో, అది ఎంత దిగునో భూమియు అంత వంగును. గాలి అడ్డు లేనిచో గుండు పడుచునే యుండును. నేలను మాత్రము ఎన్నడును చేరదు. అదియే ఉపగ్రహము.

ఆ ఊహను నిజము చేసి చూపిన స్థలము 2022నుండి తిరుపతి జిల్లాలోనిదే. శ్రీహరికోటనుండి 1980 జూలై 18న ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో ప్రవేశపెట్టెను. 1979 ఆగష్టులో జరిగిన తొలి ప్రయత్నము విఫలమై, ఆ రాకెట్టు సముద్రమున పడిపోయియుండెను. రెండు దినములందును భూమి ఒకేవిధముగా లాగినది. ఒక దినమున చాలినంత వేగము లేకపోయెను. మరియొక దినమున ఉండెను.

వడిసెల రాయికి, తుపాకిగుండుకు, ఉపగ్రహమునకు సూత్రమొక్కటే. మొదటి సెకనులో 4.9 మీటర్లు. ఈ సంఖ్యను మరువనివానికి గుండు దారి కంటికి కనబడకపోయినను మనస్సుకు కనబడును. అది కనబడినవాడు తుపాకిని ఆకాశమునకు ఎత్తడు, చీకటిలోనికి గురిపెట్టడు.